సిస్‌బెంచ్‌లో త్రెడ్స్ సెట్టింగ్: ప్రతి ఏడాది మళ్ళీ వచ్చే డౌట్లు, వాటి జవాబులు

మహారాష్ట్రలో మా బల్లార్షాలో, పక్కన చంద్రపూర్, రాజురాలో తెలుగు ఇండ్ల పిల్లలు చాలామంది మరాఠీ మీడియంలో చదివి డిప్లొమాకో ఇంజినీరింగ్‌కో పోతరు, సిరొంచ దిక్కు నుంచి వచ్చేవాళ్ళు కూడా ఉంటరు. ప్రాజెక్టు టైమ్ రాగానే కంప్యూటర్ స్పీడు కొలిచే సిస్‌బెంచ్ టూల్ పట్టుకొని నా దగ్గరికి వస్తరు, డౌట్లు మాత్రం ప్రతి ఏడాది దాదాపు అవే, అందుకే ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే ఒక్క దగ్గర రాసి పెడుతున్న. ఏ డౌట్ ఉంటే అక్కడికే పోయి చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాసిన గానీ టెర్మినల్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలె.

## మొదలుపెట్టే ముందు

అన్నా, ఈ సిస్‌బెంచ్ అసలు ఏం కొలుస్తది?

సీపీయూ, మెమరీ, ఫైల్ ఐఓ, త్రెడ్స్, మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క త్రెడ్‌నే లోపలికి పంపే లాక్) అని ఐదు టెస్టులు దాంట్లోనే ఉంటయి, ఇవి కాక మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నడిచే ఓఎల్‌టీపీ (చిన్న చిన్న ట్రాన్సాక్షన్ల) టెస్టులు లువా అనే భాషలో రాసిన స్క్రిప్టులుగా వస్తయి. అలెక్సీ కోపిటోవ్ రాసిన ఓపెన్ సోర్స్ టూల్ ఇది, 1.0 వర్షన్ 2017లో వచ్చింది. టెస్టు ఏదైనా లోపల జరిగేది ఒకటే: ఈవెంట్ అని ఒక చిన్న పని ఉంటది, మనం చెప్పినన్ని త్రెడ్స్ ఆ పనిని ఆపకుండా మళ్ళీ మళ్ళీ చేస్తనే ఉంటయి, చివర్లో మొత్తం ఎన్ని అయినయి, ఒక్కోదానికి ఎంత టైమ్ పట్టింది అని లెక్క ఇస్తది. ఈవెంట్ అంటే సీపీయూ టెస్టులో ఒకటి, డేటాబేస్ టెస్టులో ఇంకొకటి, ఈ టెస్టు నంబర్ తీసి ఆ టెస్టు నంబర్ పక్కన పెట్టకండి.

త్రెడ్ అంటే ధాగా అని మా మాస్టర్ చెప్పిండు, దారానికి కంప్యూటర్‌కి సంబంధం ఏంది?

మాట అదే, మరాఠీ ధాగా, మన దారం. ఒక ప్రోగ్రాం లోపల వరసగా సాగే ఒక పనిని దారం అన్నరు, ఒకే ప్రోగ్రాంలో అట్లాంటి దారాలు చాలా ఉండొచ్చు. కోర్ అంటే బల్లార్షా స్టేషన్‌లో ప్లాట్‌ఫారం అనుకోండి, త్రెడ్ అంటే బండి. బండ్లు ఎన్నైనా రావచ్చు గానీ ఒక టైమ్‌కి ప్లాట్‌ఫారాలు ఎన్ని ఉంటే అన్నే నిలబడతయి, మిగతావి అవుటర్‌లో ఆగాల్సిందే. సిస్‌బెంచ్‌లో మనం పెట్టేది బండ్ల సంఖ్య, ప్లాట్‌ఫారాల సంఖ్య కాదు.

వీడియోలో చూసినట్టే కొట్టిన, ఆప్షన్ పాతది అని వార్నింగ్ వస్తోంది

ఆ వీడియో 0.4 వర్షన్ కాలానిది. అప్పుడు "సిస్‌బెంచ్ --టెస్ట్=సీపీయూ --నమ్-త్రెడ్స్=4 రన్" అని రాసేవాళ్ళు, 1.0 నుంచి "సిస్‌బెంచ్ సీపీయూ --త్రెడ్స్=4 రన్" అయింది. మ్యాక్స్-టైమ్ పోయి టైమ్ అయింది, మ్యాక్స్-రిక్వెస్ట్స్ పోయి ఈవెంట్స్ అయింది. పాత పేర్లు కొట్టినా 1.0 ఒప్పుకుంటది, వార్నింగ్ ఇచ్చి నడిపిస్తది. ఉబుంటు 16.04లో 0.4.12 వచ్చేది, 18.04 నుంచి 1.0 వస్తోంది, కాలేజీ ల్యాబ్‌లో పాత ఉబుంటు ఉంటే ముందు వర్షన్ చూసుకొని మొదలుపెట్టండి, ఎందుకంటే మారింది పేర్లు ఒక్కటే కాదు, టెస్టు ఎప్పుడు ఆగాలె అనే రూలు కూడా మారింది.

నాది విండోస్ ల్యాప్‌టాప్, నడుస్తదా?

1.0 నుంచి విండోస్‌కి సొంత బిల్డ్ ఇచ్చుడు ఆపేసిన్రు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపేది) పెట్టుకొని దాంట్లో ఉబుంటు ఎక్కించి నడపాలె, అది బాగానే నడుస్తది. కాకపోతే డబ్ల్యూఎస్ఎల్‌కి ఎన్ని ప్రాసెసర్లు ఇచ్చిన్రో సెట్టింగ్‌లో తగ్గించి ఉండొచ్చు, వర్చువల్‌బాక్స్‌లో ఐతే మనం ఇచ్చినన్ని కోర్లే కనిపిస్తయి. లోపల ఎన్‌ప్రాక్ కమాండ్ (ఎన్ని కోర్లు కనపడుతున్నయో చెప్తది) కొట్టి ఎంత వస్తే అదే మీ మెషిన్ అనుకోండి.

బాక్స్ మీద 4 కోర్లు అని ఉంది, ఎన్‌ప్రాక్ కొడితే 8 అంటోంది, ఏది నిజం?

రెండూ నిజమే. హైపర్‌త్రెడింగ్ ఉన్న ప్రాసెసర్‌లో ఒక్కో అసలు కోర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి రెండుగా కనపడతది. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి "త్రెడ్స్ పర్ కోర్" అన్న లైన్ చూడండి, 2 ఉంటే ఇదే సంగతి. ఆ రెండూ లోపల ఒకే లెక్కలు చేసే భాగాన్ని పంచుకుంటయి కాబట్టి 4 త్రెడ్స్ నుంచి 8కి పోతే కొంత పెరుగుతది గానీ డబుల్ రాదు. రిపోర్టులో రెండు సంఖ్యలూ రాయండి, ఒక్కటే రాస్తే చదివేవాళ్ళు తప్పు అర్థం చేసుకుంటరు.

## త్రెడ్స్ సంఖ్య పెట్టేటప్పుడు

త్రెడ్స్ ఎన్ని పెట్టాలె, ఒక్క నంబర్ చెప్పన్నా

అందరూ అడిగేది ఇదే, దీనికే నేను ఒక్క నంబర్ చెప్పను. డిఫాల్ట్ 1, అంటే మీరు ఏం పెట్టకపోతే ఒక్క కోర్ మీదనే నడిచి మిగతావి ఖాళీగా కూర్చుంటయి. చేయాల్సింది ఏందంటే 1, 2, 4, 8, 16, 32 అని పెంచుకుంటూ పోయి ప్రతి దగ్గర సెకండ్‌కి ఎన్ని ఈవెంట్లు, 95 పర్సెంటైల్ లేటెన్సీ (నూటికి 95 ఈవెంట్లు ఒక్కోటి ఎంత టైమ్ లోపల అయినయి) ఎంత అని రెండూ రాసుకోవాలె. బాష్‌లో చిన్న ఫర్ లూప్ రాస్తే చాయ్ తాగి వచ్చేలోపు అయిపోతది. కాగితం మీద గీస్తే మొదట గీత తిన్నగా పైకి పోతది, ఒక దగ్గర వంగుతది, ఆ తర్వాత చదునుగా పోతది లేదా కిందికి దిగుతది. ఆ వంగే చోటే మీకు కావాల్సిన జవాబు, ప్రాజెక్టు మొత్తం అక్కడే ఉంటది, ఎందుకు వంగింది అని వెతికితే కోర్లు అయిపోయినయా, డిస్క్ అడ్డమొచ్చిందా, లాక్ దగ్గర లైన్ కట్టినయా అన్నది బయటపడతది. చాలామంది పిల్లలు 8 పెట్టి ఒకసారి నడిపి ఆ ఒక్క నంబర్ రాసుకొస్తరు, దాని నుంచి ఏం తెలియదు. ప్రతి పాయింట్ కనీసం మూడుసార్లు నడపండి, మధ్యలో వచ్చిన విలువ తీసుకోండి, మూడూ దూరం దూరంగా వస్తే ముందు అది ఎందుకో చూడండి.

8 త్రెడ్స్ పెడితే 8 రెట్లు ఎందుకు రాలేదు?

టెస్టుని బట్టి కారణం మారుతది. సీపీయూ టెస్టులో త్రెడ్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, దేన్నీ పంచుకోవు, అక్కడ తగ్గిందంటే కారణం మెషిన్‌దే: 8లో సగం హైపర్‌త్రెడ్లు అయి ఉండొచ్చు, ఒక్క కోర్ నడిచేటప్పుడు ఉన్న టర్బో స్పీడు అన్ని కోర్లు నడిచేటప్పుడు ఉండదు, వేడెక్కితే ఇంకా తగ్గుతది. డేటాబేస్ టెస్టులో ఐతే సంగతి వేరే, అక్కడ అందరూ ఒక దగ్గర వరసలో నిలబడే పని కొంత ఉంటది. సాస్తి, ఘుగ్గుస్ గనుల దిక్కు బొగ్గు లారీలు చూసిన్రు కదా, లారీలు ఎన్ని పెంచినా తూకం వేసే కాంటా ఒక్కటే ఉంటే లైన్ అక్కడే పడతది. దీన్నే కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లో లెక్క కట్టి చెప్పిండు: పనిలో 5 శాతం వరసలోనే చేయాల్సి ఉంటే 8 త్రెడ్స్‌తో వచ్చేది దాదాపు 5.9 రెట్లే, త్రెడ్స్ వెయ్యి పెట్టినా 20 రెట్లు దాటదు. అందుకే రెట్లు రాలేదు అని బాధపడకుండా ఆ కాంటా ఎక్కడుందో వెతకండి.

కోర్ల కంటే ఎక్కువ త్రెడ్స్ పెట్టుడు తప్పా?

సీపీయూ టెస్టులో తప్పు కాదు గానీ దండగ, 4 కోర్ల మీద 64 పెడితే సెకండ్‌కి ఈవెంట్లు అంతే ఉంటయి, లేటెన్సీ మాత్రం పెరిగిపోతది, ఎందుకంటే ఒక్కో త్రెడ్ తన వంతు కోసం ఆగుతది. డిస్క్ కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూసే పనిలో మాత్రం ఎక్కువ పెట్టాల్సిందే, ఒక త్రెడ్ ఎదురుచూస్తుంటే ఇంకొకటి ఆ కోర్‌ని వాడుకుంటది. దీనికి ఒక లెక్క ఉంది, రేట్ ఆప్షన్ పెట్టకుండా నడిపితే సిస్‌బెంచ్‌లో బాగా కుదురుతది: త్రెడ్స్ సంఖ్యని సగటు లేటెన్సీతో భాగిస్తే సెకండ్‌కి ఎన్నో వస్తది. 16 త్రెడ్స్, ఒక్కో ట్రాన్సాక్షన్ 8 మిల్లీసెకండ్లు ఐతే సెకండ్‌కి 2000. త్రెడ్స్ 32 చేసినప్పుడు లేటెన్సీ 16 అయిందనుకోండి, మళ్ళీ 2000 దగ్గరే ఉన్నరు, పెరిగింది ఎదురుచూపు ఒక్కటే.

రెండు కోర్ల మీదనే నడిపించాలంటే త్రెడ్స్=2 పెడితే సరిపోతదా?

సరిపోదు. త్రెడ్స్=2 అంటే రెండు త్రెడ్స్ అని మాత్రమే, అవి ఏ కోర్ మీద నడవాలో లినక్స్ షెడ్యూలర్ చూసుకుంటది, మధ్యలో ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తది కూడా. ఫలానా కోర్ల మీదనే కావాలంటే కమాండ్ ముందు టాస్క్‌సెట్ పెట్టి కోర్ నంబర్లు ఇవ్వండి, "టాస్క్‌సెట్ -సి 0,1 సిస్‌బెంచ్ సీపీయూ --త్రెడ్స్=2 రన్" అన్నట్టు. నంబర్లు 0 నుంచి మొదలైతయి. ఒక జాగ్రత్త ఏందంటే కొన్ని మెషిన్లలో 0, 1 రెండూ ఒకే అసలు కోర్‌కి చెందిన హైపర్‌త్రెడ్లు అయి ఉంటయి, కొన్నిట్లో 0, 4 జంట అయి ఉంటయి. ఎల్ఎస్‌సీపీయూకి -ఇ తగిలిస్తే ఏది దేని జంటో టేబుల్ చూపిస్తది, అది చూసే నంబర్లు పెట్టండి.

డాకర్ కంటైనర్‌లో ఎన్‌ప్రాక్ 8 చూపిస్తోంది గానీ స్పీడు 2 కోర్లదే వస్తోంది

కంటైనర్ (ప్రోగ్రాంను విడిగా పెట్టి నడిపే డబ్బా లాంటిది) మొదలుపెట్టేటప్పుడు సీపీయూస్=2 అని ఇచ్చి ఉంటరు. అది కోర్లను దాచిపెట్టదు, ఇంత టైమ్‌లో ఇంతే వాడుకోవాలె అని కోటా పెడతది, కోటా అయిపోతే త్రెడ్స్ అన్నిటినీ కాసేపు ఆపేస్తది. అందుకే ఎన్‌ప్రాక్ 8 అంటది, 8 త్రెడ్స్ పెడితే మాత్రం మధ్య మధ్యలో ఆగి ఆగి నడుస్తయి, మ్యాక్స్ లేటెన్సీ ఒక్కసారిగా పెరుగుతది. కోర్లనే కట్టేయాలంటే సీపీయూసెట్ వాడండి, అప్పుడు ఎన్‌ప్రాక్ కూడా సరిగ్గా చెప్తది.

## టైమ్, ఈవెంట్లు, రేట్

త్రెడ్స్ 1 నుంచి 8 చేసినా టోటల్ టైమ్ 10 సెకండ్లే వస్తోంది, త్రెడ్స్ పని చేస్తలేవా?

పని చేస్తున్నయి, మీరు చూసే లైన్ తప్పు. 0.4లో డిఫాల్ట్‌గా 10000 ఈవెంట్లు అయ్యేదాకా నడిచేది, త్రెడ్స్ పెంచితే టైమ్ తగ్గేది, పాత పుస్తకాల్లో, పాత రిపోర్టుల్లో టోటల్ టైమ్ పోల్చేది అందుకే. 1.0లో తిరగబడింది: టైమ్ డిఫాల్ట్ 10 సెకండ్లు, ఈవెంట్స్ డిఫాల్ట్ 0, అంటే లెక్కకి హద్దు లేదు. ఇప్పుడు టైమ్ ఎప్పుడూ 10 దగ్గరే ఉంటది, మారేది సెకండ్‌కి ఎన్ని ఈవెంట్లు అన్నది, అదే చూడండి. సీనియర్ల రిపోర్టు చూసి కాపీ చేసేటప్పుడు పిల్లలు ఇక్కడే పడిపోతరు, ఒక ఏడాది నలుగురు పిల్లలు నా దగ్గరికి ఒకే గ్రాఫ్ తెచ్చిన్రు, గీత మొత్తం అడ్డంగా 10 మీదనే ఉంది, కింద "మల్టీత్రెడింగ్ వల్ల లాభం లేదు" అని రాసిన్రు. కష్టపడి చేసిన పని, చూడాల్సిన లైన్ ఒక్కటి తప్పింది.

టైమ్ కాకుండా పని ఫిక్స్ చేయాలంటే ఎట్ల?

టైమ్=0, ఈవెంట్స్=20000 అని పెట్టండి, అప్పుడు 20000 అయ్యేదాకా నడిచి ఆగుతది, టోటల్ టైమ్ పోల్చుకోవచ్చు. ఈ 20000 అన్ని త్రెడ్స్‌కి కలిపి, ఒక్కోదానికి కాదు. రెండూ పెడితే ఏది ముందు వస్తే అక్కడ ఆగుతది, కాబట్టి టైమ్‌ని మర్చిపోయి ఈవెంట్స్ ఒక్కటే పెడితే 10 సెకండ్లకే ఆగిపోయి సగం పనే అయి ఉండొచ్చు.

మొదట్ల మస్తు స్పీడు చూపించి తర్వాత పడిపోతోంది, టూల్ ఖరాబా?

టూల్ మంచిదే, ల్యాప్‌టాప్ వేడెక్కింది. చంద్రపూర్‌లో మే నెల 45 డిగ్రీలు దాటుడు మామూలే, అట్లాంటి రోజు మధ్యాహ్నం అన్ని కోర్లు ఫుల్లుగా నడిపితే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటది. 10 సెకండ్ల టెస్టులో ఇది బయటపడదు, అందుకే టైమ్=300 పెట్టి, రిపోర్ట్-ఇంటర్వెల్=1 పెట్టి నడపండి, ప్రతి సెకండ్‌కి ఒక లైన్ వస్తది, ఎక్కడ పడిపోయిందో కంటికి కనపడతది. పక్కన ఇంకో టెర్మినల్‌లో సెన్సార్స్ కమాండ్ పెట్టుకుంటే టెంపరేచర్ కూడా చూడొచ్చు. నేను ఒకసారి 1 త్రెడ్ టెస్టు పొద్దున చేసి, 8 త్రెడ్స్ టెస్టు అదే రోజు ఎండలో చేసి, రెండూ పోల్చి తప్పు చెప్పిన, తర్వాత రాత్రి మళ్ళీ చేస్తే 8 త్రెడ్స్ నంబర్ బాగా పైకి వచ్చింది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్న: ఒక గ్రాఫ్‌లోని పాయింట్లు అన్నీ ఒకే పూట, ప్రతి రన్‌కి మధ్యలో రెండు మూడు నిమిషాలు చల్లారనిచ్చి, ఛార్జర్ పెట్టే ఉంచి చేస్తా. కరెంటు పోయి బ్యాటరీ మీదికి పోతే చాలా ల్యాప్‌టాప్‌లు స్పీడు తగ్గించుకుంటయి, ఆ రన్ తీసేయాల్సిందే. గవర్నర్‌ని (ప్రాసెసర్ స్పీడు ఎంత ఉండాలో చూసుకునే లినక్స్ సెట్టింగ్) పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టుడు కూడా మర్చిపోవద్దు.

మొదటి కొన్ని సెకండ్లు లెక్కలోకి రావద్దంటే?

కొత్త బిల్డ్‌లో వార్మప్-టైమ్ ఆప్షన్ ఉంది, అన్నిట్లో ఉండదు, మీ దాని హెల్ప్‌లో కనపడితే వాడండి. లేకపోతే లెక్క రాసుకోకుండా ఒకసారి నడిపి, వెంటనే అసలు రన్ మొదలుపెట్టండి. డేటాబేస్ టెస్టులో ఇది తప్పనిసరి, చల్లగా ఉన్న, అంటే ఇంకా డేటా నిండని కాష్ మీద మొదటి రన్ ఎప్పుడూ తక్కువే చూపిస్తది.

రేట్ ఆప్షన్ ఎందుకు?

మామూలుగా ఒక త్రెడ్ తన ఈవెంట్ అయ్యాకే ఇంకోటి మొదలుపెడతది, సర్వర్ నెమ్మదిస్తే అడిగేవాళ్ళు కూడా నెమ్మదిస్తరు. బయట జనం అట్ల ఉండరు, రేషన్ దుకాణం ముందు లైన్ పెరుగుతూనే ఉంటది. రేట్=500 పెడితే సగటున సెకండ్‌కి 500 ఈవెంట్లు వస్తనే ఉంటయి, త్రెడ్స్ వాటిని తీసుకొని చేస్తయి. త్రెడ్స్ తక్కువ పెడితే ఈవెంట్ క్యూ నిండిపోయింది అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతది. ముందు రేట్ లేకుండా నడిపి మెషిన్ గరిష్ఠం తెలుసుకొని, దాంట్లో సగం, ముప్పావు దగ్గర రేట్ పెట్టి లేటెన్సీ చూడండి, యూజర్‌కి ఎట్ల ఉంటదో అప్పుడు తెలుస్తది.

## టెస్టు వారీగా వచ్చే చిక్కులు

త్రెడ్స్ టెస్టు, త్రెడ్స్ ఆప్షన్ ఒకటేనా?

కాదు, పేరు ఒకటే అయి అందరినీ తికమక పెడతది. ఆప్షన్ ఏ టెస్టుకైనా ఎన్ని త్రెడ్స్ అని చెప్తది. త్రెడ్స్ టెస్టు అనేది షెడ్యూలర్‌ని పరీక్షించే వేరే టెస్టు, దాంట్లో త్రెడ్స్ లాక్ పట్టుకొని, కోర్ వదిలేసి, లాక్ విడిచిపెట్టి, మళ్ళీ మొదలుపెడతయి. ఎన్నిసార్లు వదలాలె అన్నది త్రెడ్-ఈల్డ్స్, డిఫాల్ట్ 1000, ఎన్ని లాక్‌లు అన్నది త్రెడ్-లాక్స్, డిఫాల్ట్ 8. "సిస్‌బెంచ్ త్రెడ్స్ --త్రెడ్స్=64 --త్రెడ్-లాక్స్=2 రన్" అని చూడండి, లాక్‌లు తగ్గించిన కొద్దీ ఎట్ల కొట్లాడుకుంటయో కనపడతది.

మ్యూటెక్స్ టెస్టు క్షణంలో అయిపోయింది, టైమ్=60 పెట్టినా అంతసేపు నడవలేదు

దాంట్లో ఒక్కో త్రెడ్ ఒక్క ఈవెంటే చేస్తది, అది అయిపోతే టెస్టు అయిపోయినట్టే, టైమ్ పెంచి లాభం లేదు. ఇక్కడ చూడాల్సింది టోటల్ టైమే, అది తగ్గితే మంచిది. పని పెంచాలంటే మ్యూటెక్స్-లాక్స్ పెంచండి, కొట్లాట పెంచాలంటే మ్యూటెక్స్-నమ్ తగ్గించండి, డిఫాల్ట్ 4096 ఉంటే పెద్దగా ఢీకొనవు.

మెమరీ టెస్టులో నా ర్యామ్ స్పీడు కంటే ఎక్కువ వస్తోంది, ఇది ఎట్ల?

మీరు కొలిచింది ర్యామ్ కాదు, ప్రాసెసర్ లోపలి కాష్. బ్లాక్ సైజు డిఫాల్ట్ 1 కేబీ, అదే 1 కేబీ మీద మళ్ళీ మళ్ళీ రాస్తుంటే అది ర్యామ్ దాకా పోనేపోదు. బ్లాక్ సైజుని కాష్ కంటే బాగా పెద్దగా పెట్టండి. రెండో సంగతి మెమరీ-స్కోప్: డిఫాల్ట్ గ్లోబల్, అంటే త్రెడ్స్ అన్నీ ఒకే బ్లాక్ మీద పడతయి, ఒకదాని కాష్ లైన్‌ని ఇంకొకటి గుంజుకుంటది, అందుకే రైట్ టెస్టులో త్రెడ్స్ పెంచితే స్పీడు పెరగకపోగా తగ్గొచ్చు. లోకల్ పెడితే ఎవరి బ్లాక్ వాళ్ళది. రెండూ నడిపి పక్కపక్కన పెట్టి చూడండి, పంచుకునుడు ఎంత ఖరీదో దీనికంటే బాగా చూపించే ప్రయోగం నాకు తెలియదు. ఇంకొకటి, మొత్తం సైజు డిఫాల్ట్ 100 జీబీ, త్రెడ్స్ ఎక్కువ పెడితే అది తొందరగా అయిపోయి 10 సెకండ్ల ముందే టెస్టు ఆగొచ్చు.

ఫైల్ టెస్టులో హార్డ్ డిస్క్‌కి ఎస్ఎస్‌డీ స్పీడు వస్తోంది

ఫైళ్ళ మొత్తం సైజు డిఫాల్ట్ 2 జీబీ, మీకు 8 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ ఆ ఫైళ్ళను ర్యామ్‌లోనే పెట్టేసుకుంటది. ఫైల్-టోటల్-సైజ్ ర్యామ్ కంటే పెద్దగా పెట్టండి, లేదా ఫైల్-ఎక్స్‌ట్రా-ఫ్లాగ్స్=డైరెక్ట్ పెట్టండి. సైజు ఎంత పెట్టినా ప్రిపేర్‌లో (టెస్టు ఫైళ్ళు తయారు చేసే స్టెప్), రన్‌లో ఒకటే ఉండాలె.

డేటాబేస్ ప్రిపేర్ గంట పడుతోంది, త్రెడ్స్=8 పెట్టినా ఒక్కటే పని చేస్తోంది

ప్రిపేర్‌లో, అంటే టేబుళ్ళు నింపేటప్పుడు, త్రెడ్స్ టేబుళ్ళను పంచుకుంటయి, ఒక టేబుల్‌ని ఎనిమిది మంది కలిసి నింపరు. టేబుల్స్ డిఫాల్ట్ 1 కాబట్టి ఏడుగురు ఖాళీ. టేబుల్స్=8, త్రెడ్స్=8 పెట్టండి, ఒక్కో టేబుల్ సైజు తగ్గించుకుంటే మొత్తం వరుసలు అంతే ఉంటయి.

త్రెడ్స్=200 పెడితే కనెక్షన్లు ఎక్కువైనయి అని ఆగిపోతోంది

ఓఎల్‌టీపీ టెస్టులో ఒక త్రెడ్ అంటే ఒక కనెక్షన్. మైఎస్‌క్యూఎల్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 151, 200 పట్టవు. సర్వర్ సెట్టింగ్‌లో పెంచుకోండి. మరీ ఎక్కువ పెట్టి సర్వర్ కనెక్షన్ ఇచ్చుడే లేటైతే, వర్కర్ త్రెడ్స్ 30 సెకండ్లలో రెడీ కాలేదు అనే ఎర్రర్ కూడా వస్తది, అది సిస్‌బెంచ్ తప్పు కాదు.

ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ లిమిట్ 16382 దాటింది అంటోంది, నేను అన్ని ఎక్కడ పెట్టిన?

మీరు పెట్టలేదు, గుణకారం పెట్టింది. ఓఎల్‌టీపీ రీడ్ రైట్ టెస్టులో ఒక్కో త్రెడ్ ఒక్కో టేబుల్‌కి 9 స్టేట్‌మెంట్లు, అంటే ముందే సిద్ధం చేసి పెట్టుకునే క్వెరీలు, తయారు చేసుకుంటది. 64 త్రెడ్స్, 32 టేబుళ్ళు ఐతే 64 × 32 × 9 = 18432, లిమిట్ దాటిపోయింది. టేబుళ్ళు తగ్గించండి, లేదా సర్వర్‌లో ఆ లిమిట్ పెంచండి, లేదా డీబీ-పీఎస్-మోడ్=డిజేబుల్ పెట్టండి. మూడోది పెడితే సర్వర్ ప్రతి క్వెరీని మళ్ళీ చదువుకుంటది కాబట్టి స్పీడు మారుతది, సగం రన్‌లు అట్ల, సగం ఇట్ల చేయకండి.

ఇగ్నోర్డ్ ఎర్రర్స్ అని వందల్లో వస్తోంది, రిజల్ట్ పనికొస్తదా?

అవి ఎక్కువగా డెడ్‌లాక్‌లు (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఇంకొకటి ఆగి ఇరుక్కునుడు), మైఎస్‌క్యూఎల్‌లో 1213 నంబర్ ఎర్రర్, సిస్‌బెంచ్ దాన్ని వదిలేసి ముందుకు పోతది. టేబుల్ సైజు డిఫాల్ట్ 10000 వరుసలు, పైగా 1.0లో ర్యాండమ్ డిఫాల్ట్ "స్పెషల్", అంటే కొన్ని వరుసల మీదనే ఎక్కువ మంది పడతరు. 64 త్రెడ్స్ అంత చిన్న జాగలో ఢీకొనకుండా ఎట్ల ఉంటయి. టేబుల్ సైజు లక్షల్లోకి పెంచి, ర్యాండ్-టైప్=యూనిఫామ్ పెట్టి చూడండి, తగ్గిపోతయి. ఢీకొనుడే మీ ప్రాజెక్టు విషయం ఐతే మాత్రం అట్లనే ఉంచి ఆ సంఖ్యని కూడా రిపోర్టులో రాయండి.

నా లువా స్క్రిప్టులో గ్లోబల్ కౌంటర్ పెట్టిన, ప్రతి త్రెడ్ 1 నుంచే మొదలుపెడుతోంది

ఒక్కో త్రెడ్‌కి వేరే లువా ఉంటది, ఒకదాని గ్లోబల్ ఇంకొకదానికి కనపడదు. ఇది మంచికే, లాక్‌ల గొడవ లేదు. పని పంచాలంటే సిస్‌బెంచ్.టిఐడి వాడండి, అది త్రెడ్ నంబర్, 0 నుంచి మొదలైతది. దాన్ని బట్టి ఒక్కో త్రెడ్‌కి వేరే వరుసల ముక్క ఇచ్చేయండి. కనెక్షన్ తెరుచుడు త్రెడ్-ఇనిట్ ఫంక్షన్‌లో ఉండాలె, ఈవెంట్ ఫంక్షన్‌లో పెడితే ప్రతిసారి తెరుస్తది, అప్పుడు మీరు కొలిచేది కనెక్షన్ తెరిచే టైమే.

## రిజల్ట్ చదివేటప్పుడు

10 సెకండ్లే నడిచింది కదా, లేటెన్సీ సమ్ 39990 ఎట్ల వచ్చింది?

అది మిల్లీసెకండ్లలో, అన్ని త్రెడ్స్‌ది కలిపి. 4 త్రెడ్స్ × 10 సెకండ్లు = 40000. 8 పెడితే 80000 దగ్గర వస్తది. నిజానికి ఇది మంచి చెకింగ్: రేట్ పెట్టకుండా నడిపినప్పుడు సమ్ ఆ గుణకారం కంటే బాగా తక్కువ ఉంటే త్రెడ్స్ ఈవెంట్ బయట ఎక్కడో టైమ్ పోగొట్టుకుంటున్నయని అర్థం.

త్రెడ్స్ ఫెయిర్‌నెస్ అంటే ఏంది, దాన్ని చూడాలా?

అందరూ వదిలేసే లైన్ అది, నేను ముందు చూసేది అదే. ఒక్కో త్రెడ్ సగటున ఎన్ని ఈవెంట్లు చేసింది, స్లాష్ తర్వాత వాటి మధ్య తేడా ఎంత అని చెప్తది. తేడా చిన్నగా ఉంటే పని సమానంగా పడ్డట్టు. పెద్దగా ఉంటే కొన్ని త్రెడ్స్ నెమ్మది కోర్ల మీద పడ్డయి, లేదా వెనుక ఇంకేదో ప్రోగ్రాం ఒక కోర్‌ని తింటోంది. ఇంటెల్ 12వ జనరేషన్ నుంచి చాలా ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఉంటయి, వాటి మీద ఈ తేడా ఎక్కువే వస్తది, అది లోపం కాదు.

క్వెరీస్ పర్ సెకండ్ రాయాలా, ట్రాన్సాక్షన్స్ పర్ సెకండ్ రాయాలా?

ఏదైనా ఒకటి రాయండి, ఏది రాసిన్రో మాత్రం చెప్పండి. ఓఎల్‌టీపీ రీడ్ రైట్ డిఫాల్ట్‌లో ఒక ట్రాన్సాక్షన్‌కి 14 రీడ్‌లు, 4 రైట్‌లు, బిగిన్, కమిట్ కలిపి 20 క్వెరీలు, అందుకే క్వెరీస్ నంబర్ ట్రాన్సాక్షన్స్ నంబర్‌కి 20 రెట్లు ఉంటది. ఒకరు ఇది రాసి ఇంకొకరు అది రాసి మా సర్వర్ 20 రెట్లు ఫాస్ట్ అని కొట్లాడుకుంటరు.

మా దోస్తు మెషిన్‌లో సీపీయూ నంబర్ నాకంటే డబుల్ వచ్చింది, వాడిది డబుల్ ఫాస్టా?

అంత తొందరగా చెప్పలేం. ముందు ఇద్దరిదీ సీపీయూ-మ్యాక్స్-ప్రైమ్ ఒకటేనా చూడండి, డిఫాల్ట్ 10000, ఒకరు 20000 పెడితే పోలికే లేదు. తర్వాత త్రెడ్స్, టైమ్, సిస్‌బెంచ్ వర్షన్. ఇవన్నీ ఒకటే ఐనా ఈ టెస్టు చేసేది ప్రైమ్ నంబర్లు వెతికే భాగహారాలే, మెమరీని పెద్దగా ముట్టుకోదు, భాగహారం తొందరగా చేసే ప్రాసెసర్‌కి ఎక్కువ మార్కులు పడతయి. రాస్‌ప్‌బెర్రీ పైలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్‌ని, ఇంటెల్‌ని ఈ ఒక్క నంబర్‌తో పోల్చకండి. మీ అసలు పని డేటాబేస్ ఐతే డేటాబేస్ టెస్టు నడిపి పోల్చుకోండి.

సిస్‌బెంచ్, డేటాబేస్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నయి, ఫరవాలేదా?

నేర్చుకోవడానికి ఫరవాలేదు. కానీ సిస్‌బెంచ్ కూడా సీపీయూ తింటది, త్రెడ్స్ పెంచిన కొద్దీ ఎక్కువ తింటది, గ్రాఫ్ వంగింది డేటాబేస్ వల్లనా సిస్‌బెంచ్ వల్లనా అన్నది తేలదు. ల్యాబ్‌లో రెండు మెషిన్లు దొరికితే ఒక దాంట్లో ఇది, ఇంకో దాంట్లో అది పెట్టి లాన్ కేబుల్ వేయండి. దొరకకపోతే టాస్క్‌సెట్‌తో సగం కోర్లు దీనికి, సగం దానికి కట్టేయండి, మొత్తం నంబర్ తగ్గుతది గానీ గీత ఎక్కడ వంగిందో నమ్మొచ్చు.

రిపోర్టులో ఏమేం రాయాలె సార్?

వాడిన కమాండ్ మొత్తం, ఒక్క ఆప్షన్ వదలకుండా. సిస్‌బెంచ్ వర్షన్, కెర్నెల్ వర్షన్, ప్రాసెసర్ పేరు, అసలు కోర్లు ఎన్ని, కనపడేవి ఎన్ని, ర్యామ్, గవర్నర్ ఏ మోడ్, ఛార్జర్ ఉందా లేదా, ఏ పూట చేసిన్రు, గదిలో కూలర్ ఉందా. ఒక్కో పాయింట్‌కి మూడు రన్‌ల నంబర్లు మూడూ రాయండి, సగటు ఒక్కటే కాదు. వైవాలో అడిగేవాళ్ళు గ్రాఫ్ వంగిన చోట వేలు పెట్టి ఇక్కడ ఏమైంది అంటరు, ఆ ఒక్క పాయింట్ దగ్గర రిపోర్ట్-ఇంటర్వెల్ లైన్లు, టెంపరేచర్, ఫెయిర్‌నెస్ లైన్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకొని పోండి.